బయట తిండి తగ్గించి ఇంట్లో వండుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టను?

కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఈ మధ్యే ఈ దేశం వచ్చాను. ఇంకో ఇద్దరితో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటున్నాను, ముగ్గురికీ ఒకటే వంటగది. మధ్యాహ్నం ఆఫీసు దగ్గర ఏదో ఒకటి కొనుక్కోవడం, రాత్రి ఫోన్‌లో ఆర్డర్ పెట్టడం, ఇదే అలవాటైపోయింది. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే అద్దె తర్వాత పెద్ద ఖర్చు తిండిదే. కడుపు కూడా సరిగ్గా ఉండట్లేదు.

అన్నం, పప్పు, గుడ్డు, ఏదో ఒక వేపుడు నాకు వచ్చు. వచ్చిన కొత్తలో వీడియోలు చూసి హుషారుగా వండేవాణ్ణి. తర్వాత మెల్లగా ఆగిపోయింది. ఇంటికొచ్చేసరికి ఏడు దాటుతుంది. అప్పుడు ఉల్లిపాయలు తరగాలంటేనే నీరసం వస్తోంది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారో చెబితే మేలు చేసినవారవుతారు.

పాత కాపు:

తమ్ముడూ, ముందుగా స్వాగతం. నీకు వంట రాక కాదు ఈ ఇబ్బంది. పొద్దుపోయాక, కరకర ఆకలి మీద ఉన్నప్పుడు, వంట మొదటి నుంచి ఎత్తుకోవాల్సి రావడం వల్ల. ఆ వేళకి ఎవరికైనా పొయ్యి కంటే ఫోనే దగ్గరగా ఉంటుంది. అందుకని కొత్త వంటలు నేర్చుకునే పని ప్రస్తుతానికి పక్కన పెట్టు. ఏడింటికి నువ్వు తలుపు తీసేసరికి సగం వంట అయి ఉండేలా చూసుకో.

సగం వంట అంటే మరేం కాదు. ఉడికించిన పప్పు ఒక డబ్బాలో ఉండాలి. ఉల్లిపాయ, టమాటా, అల్లం వెల్లుల్లి కలిపి నూనె తేలేదాకా మగ్గించిన ముద్ద ఇంకో డబ్బాలో ఉండాలి. కూరగాయలు కడిగి, తడి ఆరబెట్టి ఉండాలి. వీటిలో ఆ ముద్ద చాలా ముఖ్యం, ఎందుకంటే కూరలో ఎక్కువ సేపు పట్టేది దానికే. ఉల్లిపాయలో ఉన్న నీరు ఆవిరైపోతేగానీ రంగు తిరగదు, ఆ నీరు పోవడానికే చాలాసేపు పొయ్యి దగ్గర నిలబడాలి. తొందరపడి మంట పెంచితే అంచులు మాడతాయి, లోపల పచ్చి వాసన అలాగే ఉంటుంది. రోజూ ఒక్కో ఉల్లిపాయతో ఈ తతంగం చేసే బదులు సెలవు రోజున వెడల్పాటి మూకుట్లో ఒకేసారి చేసుకో. చల్లారాక పూటకింత చొప్పున చిన్న డబ్బాల్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టు. ఆ ముద్దలో ఉడికిన గుడ్లు వేస్తే ఒక కూర, శనగలు వేస్తే ఇంకో కూర, బంగాళాదుంపలు వేస్తే మరొకటి. అన్నం ఉడికేలోపు కూర కూడా అయిపోతుంది.

డబ్బాలు మూతిదాకా నింపకు. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ప్లాస్టిక్ డబ్బా అయితే మూత లేస్తుంది, గాజు సీసా అయితే పగులుతుంది.

ఇంకో మాట. మూడు పూటలా ఇంట్లోనే తినాలని మొదటి నెలలోనే పంతం పట్టకు. ఒక్క పూట పట్టుకో. నన్నడిగితే మధ్యాహ్నం భోజనం. రాత్రి వండేటప్పుడే ఇంకో పిడికెడు ఎక్కువ వేసి, తినకముందే డబ్బా కట్టేసుకుంటే మధ్యాహ్నానికి వేరే శ్రమ ఉండదు. తిన్నాక మిగిలితే కడదాంలే అనుకుంటే మాత్రం ఏమీ మిగలదు.

రెండు గిన్నెల అక్క:

పాత కాపు గారు ముద్ద గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ తమ్ముడూ, అది చదివి ఉత్సాహంతో ఆదివారం కూర్చుని వారానికి సరిపడా కూరలన్నీ వండెయ్యకు. కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామంది చేసే పని అదే. బుధవారానికి ఆ కూర మొహం చూడబుద్ధి కాదు, గురువారం ఆర్డర్ పెడతారు, శనివారం డబ్బాలు చెత్తబుట్టలో బోర్లిస్తారు. పారబోసిన కూర కూడా తిండి ఖర్చే కదా.

రుచి సంగతి అలా ఉంచు. వండిన పదార్థం ఫ్రిజ్‌లో 3, 4 రోజులకు మించి ఉంచకూడదు. ఆ తర్వాత తినాలనుకున్నది వండిన రోజే ఫ్రీజర్‌లోకి పోవాలి, వాసన చూసి అనుమానం వచ్చాక కాదు. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలి. అద్దె ఇంట్లో పాత ఫ్రిజ్ అయితే లోపల చిన్న థర్మామీటర్ పెట్టి చూసుకోవడం మంచిది. వండినది రెండు గంటలకు మించి బయట వదలకు. ఫ్రీజర్‌లోంచి తీసినదాన్ని గట్టు మీద పెట్టి కరిగించకు, ముందురోజు రాత్రే కింద ఫ్రిజ్‌లోకి మార్చుకో.

అన్నం దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, అవి ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి గది వేడిలో ఉంటే అవి మొలకెత్తి, పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. రాత్రి కుక్కర్‌లోనే వదిలేసి పొద్దున డబ్బా కట్టుకునే అలవాటు ఉంటే ఇవాళే మానెయ్. వండిన గంటలోపు వెడల్పాటి పళ్ళెంలో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టు, మర్నాటికల్లా తినేసెయ్. వేడిచేస్తే పొగలు వచ్చేలా చెయ్యి, అదీ ఒక్కసారే. కడుపు బాగోలేదన్నావు. నింద మొత్తం బయట తిండి మీద వేసే ముందు ఇది కూడా చూసుకో. అయినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళు, మా సలహాలతో సరిపెట్టుకోకు.

ఇక నా పద్ధతి చెబుతాను, నా పేరు చూసి ఇప్పటికే ఊహించి ఉంటావు. ఫ్రిజ్‌లో ఎప్పుడూ రెండు గిన్నెలు ఉంటాయి, ఒకదాంట్లో పప్పు, ఇంకోదాంట్లో కూర. ఒక్కోటి రెండు రోజులకు సరిపడా వండుతాను, కానీ రెండూ ఒకే రోజు వండను. ఇవాళ పప్పు వండితే రేపు కూర వండుతాను. కాబట్టి కంచంలో ఎప్పుడూ ఒకటి తాజాది, ఒకటి నిన్నటిది. రోజుకు ఒక్క వంటకమే చేస్తాను, ఒక్క గిన్నే తోముకుంటాను. బోర్ కొట్టదు, పారెయ్యడం ఉండదు. ఒక్కరికైనా ఇద్దరికైనా ఇది బాగా కుదురుతుంది.

పప్పుల్లో ఎర్ర మసూర్ పప్పుతో మొదలుపెట్టు. నానబెట్టక్కర్లేదు, కుక్కర్ లేకపోయినా 20 నిమిషాల్లో మెత్తబడుతుంది. రాజ్మా మాత్రం అలా కాదు. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే ఒక రకం ప్రొటీన్ ఉంటుంది, సరిగ్గా ఉడక్కపోతే వాంతులు, విరేచనాలు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో ముందు ఒక 10 నిమిషాలైనా కళపెళా మరిగించాలి, తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. పచ్చివి నేరుగా స్లో కుక్కర్‌లో పడేస్తే ఆ చిన్న వేడికి లెక్టిన్ పోదు. ఇదంతా ఎందుకు అనుకుంటే ఉడికించి డబ్బాలో అమ్మేవి కొనుక్కో, అందులో తప్పేం లేదు.

రాత్రి షిఫ్టు:

పెద్దలిద్దరూ వండే రోజుల గురించే మాట్లాడుతున్నారు. నాలాంటివాడికి అసలు వండలేని రోజులే ఎక్కువ.

బ్రో, ఆ రోజుల కోసం ఇంట్లో ఒక అత్యవసర భోజనం పెట్టుకో. నా దగ్గరైతే గుడ్లు, బ్రెడ్, ఫ్రీజర్‌లో బఠాణీలు, డబ్బా శనగలు ఎప్పుడూ ఉంటాయి. ఆర్డర్ వచ్చేలోపు తినేసి పడుకోవచ్చు. ఫ్రీజర్ కూరగాయలంటే కొందరికి చిన్నచూపు. వాటిని కోసిన కొద్దిసేపటికే వేడినీళ్ళలో ముంచి తీసి గడ్డకట్టిస్తారు. వారం రోజులు మన ఫ్రిజ్‌లో వాడిపోయిన తాజా కూరగాయల కంటే అవేమీ తీసిపోవు. పైగా తరిగి ఉంటాయి!

ఆఫీసులో బయల్దేరే ముందు ఒక పండో, గుప్పెడు పల్లీలో తిను. నవ్వకు. సగం ఆర్డర్లు దారిలో ఆకలితో పెట్టేవే. యాప్‌లో కార్డు వివరాలు కూడా తీసేసెయ్. ప్రతిసారీ నంబరు కొట్టాలంటే బద్ధకం వేస్తుంది, ఆ బద్ధకం నీకే లాభం.

స్నేహితులతో కలిసి బయట తినడం మానుకోమని నేను చెప్పను. దేశం కాని దేశంలో ఆ మాత్రం కబుర్లు కావాలి. ఒంటరిగా మంచం మీద కూర్చుని చల్లారిపోయిన పార్సిల్ తినే పూటలు తగ్గించు చాలు.

కొత్త సభ్యుడు:

అక్కా, అన్నం కుక్కర్‌లో వదిలేసేది నేనే. ఇవాళ్టి నుంచి బంద్. రెండు గిన్నెల పద్ధతి నాకు నచ్చింది. పాత కాపు అన్నయ్యా, ముద్ద ఈ శనివారమే చేస్తాను.

ఇంకో మూడు సందేహాలు. ఇంటి నుంచి తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్ ఇక్కడి గాజు పొయ్యి మీద అసలు వేడెక్కట్లేదు, పాడైందా? తాలింపు వేస్తే పొగ అలారం మోగి రూమ్మేట్లు పరిగెత్తుకొస్తున్నారు. మిక్సీ కూడా తెచ్చాను, ఇంకా పెట్టె విప్పలేదు. ఒక్కటి మర్చిపోయాను, రూమ్మేట్లతో కలిసి వండుకోవడం మంచిదేనా?

కరెంటు మనిషి:

కుక్కర్ పాడవలేదు, నీది ఇండక్షన్ పొయ్యి అయి ఉంటుంది. దాంట్లో మంట ఉండదు, గాజు కింద ఉన్న తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, దానివల్ల గిన్నె అడుగే వేడెక్కుతుంది. అందుకు గిన్నె అడుగు అయస్కాంతానికి అతుక్కునే లోహంతో ఉండాలి. ఫ్రిజ్ మీద ఉండే మ్యాగ్నెట్ తీసి అడుగున పెట్టి చూడు. గట్టిగా పట్టుకుంటే ఆ గిన్నె పనికొస్తుంది. ఉత్త అల్యూమినియం, రాగి గిన్నెలు పట్టుకోవు. స్టీలువి కూడా అన్నీ పట్టుకోవు, కొనే ముందు చూసుకో. ఇండక్షన్‌కి సరిపోయే అడుగు ఉన్న ప్రెషర్ కుక్కర్ ఒకటి కొనుక్కుంటే డబ్బు వృథా కాదు. లోపల ఒత్తిడికి నీళ్ళు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 దగ్గర మరుగుతాయి కాబట్టి పప్పు, గింజలు తొందరగా ఉడుకుతాయి.

మిక్సీ పెట్టె విప్పే ముందు గోడ ప్లగ్గు వోల్టేజి చూడు. మన దేశం మిక్సీ 230 వోల్టులది. నువ్వున్నచోట కూడా అంతే అయితే ప్లగ్ అడాప్టర్ చాలు. 120 ఉన్న దేశమైతే అడాప్టర్ పెట్టినా లాభం లేదు, అది పిన్నుల ఆకారం మారుస్తుందే గానీ వోల్టేజి మార్చదు. మిక్సీకి తగ్గ ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ఖరీదూ చూస్తే ఇక్కడి మిక్సీయే నయమనిపిస్తుంది.

పొగ అలారానికి గుడ్డ కట్టే ఆలోచన మాత్రం పెట్టుకోకు. తాలింపు వేసే ముందే చిమ్నీ ఫ్యాన్ వెయ్యి, కిటికీ తియ్యి, వంటగది తలుపు ముయ్యి. నూనె పొగ రాకముందే ఆవాలు వెయ్యాలి. ఒక ఆవగింజ వేసి చూస్తే తెలిసిపోతుంది, చిటపటమంటే చాలు. ఖర్మకాలి నూనె అంటుకుంటే నీళ్ళు అస్సలు పొయ్యకు, పొయ్యి ఆపి మూత బోర్లించి, పూర్తిగా చల్లారేదాకా తియ్యకు.

పాత కాపు:

రూమ్మేట్ల మాట. ముగ్గురూ కలిసి వండుకుందామనే ఒప్పందం మొదట్లోనే పెట్టుకోకు తమ్ముడూ. ఒకడు మాంసం తింటాడు, ఒకడు తినడు, ఒకడికి కారం పడదు, ఒకడు గిన్నెలు సింకులో వదిలేస్తాడు. తిండి కంటే లెక్కలతోనే ఎక్కువ గొడవలు వస్తాయి. బియ్యం, నూనె, ఉప్పు, గిన్నెలు తోమే సబ్బు, ఇవి ఉమ్మడిగా కొనండి. పెద్ద సంచి చవకేనా అన్నది ధర చూసి కాదు, కిలోకి ఎంత పడుతుందో చూసి తేల్చుకోండి. చాలా షాపుల్లో అరల మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మిగతావి ఎవరివి వాళ్ళవే. ఫ్రిజ్‌లో ఒక అర నీది అని ముందే చెప్పుకో, డబ్బా మీద పేరు, వండిన తేదీ రాసి అతికించు.

కొన్నాళ్ళయ్యాక కుదిరితే వారానికి ఒక రాత్రి ఒక్కొక్కరు ముగ్గురికీ వండండి. ఆ రాత్రికి సరుకులు ఎవరు వండితే వాళ్ళవే, తోమడం మిగతా ఇద్దరిది. ఈ ఏర్పాటు చెడిపోయినా పెద్ద నష్టం ఉండదు, మిగతా రోజులు ఎలాగూ నీ వంట నీదే. అక్క గారి రెండు గిన్నెలూ, శనివారం చేసే ముద్దా ఉంటే సాయంత్రం నీకు పొయ్యితో పని కాసేపే కాబట్టి, ఎవరు ఎప్పుడు వండాలన్న తగువు కూడా ఉండదు.