చిన్న కారులో సన్‌రూఫ్‌కు అదనంగా ఖర్చు పెట్టవచ్చా?

మేము శ్రీకాకుళంలో ఉంటాము. హ్యుందాయ్ ఎక్స్‌టర్ పెట్రోల్ మాన్యువల్ కొనాలని నిశ్చయించుకున్నాము కానీ, సన్‌రూఫ్ (పైకప్పులో తెరుచుకునే గాజు పలక) ఉన్న వేరియంట్‌కు, లేనిదానికి ఆన్‌రోడ్ ధరలో సుమారు 70,000 రూపాయల తేడా ఉండటంతో నిర్ణయం ఆగిపోయింది.

రెండింటినీ నడిపి చూశాను. అది సాయంత్రం ఆరు దాటాక కావడంతో ఎండలో లోపల ఎంత వేడెక్కుతుందో తేలలేదు. సేల్స్ సిబ్బందిని అడిగితే, పిల్లలు ఇష్టపడతారన్నదే సమాధానం (నడుస్తున్న కారులో పిల్లలను పైకి నిలబెట్టడం ఎంత ప్రమాదమో వారికి తెలియదనుకోను). నేను చూసిన వీడియోలన్నీ కొత్త కార్లవే.

నా అసలు సందేహం వాననీటి గురించి. సన్‌రూఫ్ చుట్టూ ఉన్న గాడిలోకి కొంత నీరు చేరడం సహజమేనని, అది మూలల్లోని సన్నని గొట్టాల గుండా కిందికి పోతుందని, ఆకులు, దుమ్ము చేరి ఆ గొట్టాలు పూడుకుపోతే నీరు కారు లోపలికి దిగుతుందని చదివాను. మా కారు ఆరుబయట, వేపచెట్టు కిందే నిలపాలి; పైగా 2018 అక్టోబరులో తిత్లీ వంటి తుఫానును చూసిన జిల్లా ఇది.

ఉత్తరాంధ్రలో సన్‌రూఫ్ ఉన్న చిన్న కారును కనీసం రెండు వర్షాకాలాలు ఆరుబయటే నిలిపి వాడినవారు, మళ్లీ కొనవలసి వస్తే అంత అదనపు ధర పెట్టి సన్‌రూఫ్ ఉన్నదే తీసుకుంటారా?