సోలో మధ్యలో వెనక్కి తిప్పేశా, పిరికితనమా?

బ్రాడీపేట_4వలైన్: మాది గుంటూరు, సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) శిక్షణ వేరే రాష్ట్రంలో. సంక్రాంతికి ఇంటికొచ్చానన్న మాటే గానీ మనసంతా అక్కడే ఉంది. 300 నాటికల్ మైళ్ల క్రాస్‌కంట్రీకి (శిక్షణలో చేయాల్సిన దూర ప్రయాణం) గత నెల పొద్దున్నే సెస్నా 172 అనే చిన్న విమానంలో ఒక్కణ్నే బయల్దేరా. అప్పటికి విజిబిలిటీ (కంటికి కనపడే దూరం) 6 కిలోమీటర్లు. నలభై నిమిషాలకి ముందంతా తెల్లగా అయిపోయింది, వెనక్కి తిప్పేశా. ఆ గంటల డబ్బు మా నాన్నది. అదే రూట్లో వెళ్లొచ్చిన బ్యాచ్‌మేట్ "భయపడ్డావా?" అన్నాడు. మీలో ఎవరైనా ఇలా తిప్పేశారా?

గన్నవరం_పక్కూరు: నేను రెండుసార్లు తిప్పా తమ్ముడూ. వీఎఫ్ఆర్‌కి (బయటికి కంటితో చూస్తూ నడపడానికి) 5 కిలోమీటర్లు ఉండాలి, నువ్వు 6తో లేచావు. అసలు మెటార్‌లో (విమానాశ్రయం ఇచ్చే వాతావరణ రిపోర్టు) ఉష్ణోగ్రతకీ డ్యూపాయింట్‌కీ (గాల్లో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) తేడా ఎంతుందో చూశావా? రెండు డిగ్రీల లోపుండి గాలి కూడా లేదంటే మంచు కాచుక్కూర్చున్నట్టే. పొద్దు పొడిచాక పోతుందనుకుంటాం గానీ, ఒక్కోసారి అప్పుడే ఇంకా చిక్కబడుతుంది. మా ఊరి చుట్టూ కాలువలు, తడి మళ్లు. జనవరిలో ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో రన్‌వేకి దారి చూపే ఏర్పాటు) ఉన్న పెద్ద విమానాలే గాల్లో చక్కర్లు కొట్టి హైదరాబాద్‌కి తిరిగిపోతుంటాయి.

కరకట్ట_గాలి: మాకు మాత్రం మేలోనే గండం. పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది, మూడింటికల్లా కొండపల్లి వైపు నల్లగా లేస్తుంది. నేను ఇంట్లో ఉన్నా మచిలీపట్నం వాతావరణ రాడార్ చూస్తూనే ఉంటా (మా ఆవిడకి వడియాలు ఎత్తే టైం చెప్పేది నేనే). పెద్ద ఉరుముల మబ్బుకి 20 మైళ్లు ఎడంగా పోవాలి. పక్క నుంచి దూరిపోదాం అనుకోకండి, వాన మొదలవకముందే ఈదురుగాలి వచ్చి పడుతుంది.

ఇంకోటి, ఎండ. గన్నవరం ఎత్తు వంద అడుగులైనా లేదు కదా. 45 డిగ్రీల్లో గాలి పలచబడి ఇంజన్‌కీ రెక్కలకీ అది దాదాపు 3,600 అడుగుల ఎత్తు కింద లెక్క. నిండా ట్యాంకు, ముగ్గురు మనుషులతో లేస్తే తెలుస్తుంది.

సత్యనారాయణపురం_మామ: బాబూ, 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ (మీటర్లు మాత్రమే చూసి నడపడం) లేని 20 మందికి బయటేమీ కనపడకుండా చేసి విమానం నడపమన్నారు. ఒక్కరూ నిలబెట్టలేకపోయారు. అదుపు తప్పడానికి పట్టింది సగటున 178 సెకన్లు. కాఫీ చల్లారేలోపే అయిపోయే పని. నేనైతే బయల్దేరే ముందే కాగితం మీద రాసుకునేవాణ్ని: విజిబిలిటీ ఇంతకి తగ్గితే, మబ్బు ఇంత కిందకి దిగితే వెనక్కి. గాల్లో కూర్చుని బేరమాడితే మనమే ఓడిపోతాం, ఇంటికెళ్లే తొందర మాటకారిది.

గన్నవరం_పక్కూరు: మామగారూ, పాత 172ల్లో కార్బురేటర్ (ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపిచ్చే భాగం) ఐసు సంగతి కూడా చెప్పండి. "మన ఎండకి ఐసేంటి" అని నవ్వుతారు పిల్లలు.

సత్యనారాయణపురం_మామ: నవ్వనీ. బయట 25 డిగ్రీలున్నా తేమ ఎక్కువైతే కార్బురేటర్ గొంతులో ఐసు కడుతుంది. పవర్ తగ్గించి దిగేటప్పుడే ఎక్కువ. అందుకే కార్బ్ హీట్ (కార్బురేటర్‌కి వేడిగాలి పంపే మీట) ముందే లాగాలి.

బ్రాడీపేట_4వలైన్: ఆ రోజు మెటార్ ఫోన్లో దొరికింది: 13/12 (ఉష్ణోగ్రత 13, డ్యూపాయింట్ 12), గాలి సున్నా. పొద్దున చదివాను కూడా, పైకి 6 అని కనపడేసరికి ఇక ఆలోచించలేదు. ఇందాక ఆ బ్యాచ్‌మేట్‌కి ఫోన్ చేశా. ఆఖరి ఇరవై నిమిషాలు 500 అడుగుల్లో హైవే పట్టుకుని వచ్చాడట. ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పలేదట.