అడ్మిన్‌గా తెరిస్తేనే బిల్లు నంబరు మారుతోంది, మామూలుగా తెరిస్తే మారడం లేదు

నమస్కారం అండి. పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో విండోస్ 11 కంప్యూటర్ వాడుతున్నాం. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇన్‌స్టాల్ అయింది, డేటా కూడా అక్కడే పెట్టుకుంటుంది. గుమస్తా స్టాండర్డ్ అకౌంట్‌లో సేవ్ నొక్కగానే "యాక్సెస్ డినైడ్" వచ్చేది.

'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఇచ్చి నా పాస్‌వర్డ్ కొడితే అన్నీ సరిగ్గా జరుగుతాయి, కానీ బ్యాకప్ వెళ్లాల్సిన జెడ్ డ్రైవ్ కనిపించదు. అది గుమస్తా అకౌంట్‌లో మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) ఎనేబుల్‌లింక్డ్‌కనెక్షన్స్ (మ్యాప్ చేసిన డ్రైవ్‌లు అడ్మిన్‌గా నడిచే ప్రోగ్రామ్‌కి కూడా కనిపించేలా చేసే సెట్టింగ్) విలువ 1 చేసి రీస్టార్ట్ చేసినా ఫలితం లేదు. ప్రోగ్రామ్ నా అకౌంట్ కింద నడవడమే కారణమనుకుంటాను.

తర్వాత ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్ సెక్యూరిటీ ట్యాబ్‌లో యూజర్స్‌కి మాడిఫై పర్మిషన్ ఇచ్చాను. ఇప్పుడు గుమస్తా అకౌంట్‌లోనే బిల్లు సేవ్ అవుతోంది, ఎర్రర్ రావడం లేదు. అయితే మూసి మళ్లీ తెరిస్తే పాత నంబరే వస్తోంది. జీఎస్‌టీ బిల్లులకు వరస నంబర్లు తప్పనిసరి, అదే నా టెన్షన్. గుమస్తా అకౌంట్‌లో వర్చువల్‌స్టోర్ ఫోల్డర్ (ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయలేని పాత ప్రోగ్రామ్‌ల ఫైళ్లను విండోస్ మళ్లించి పెట్టే చోటు) కూడా చూశాను, ఖాళీగానే ఉంది. యూఏసీ (అడ్మిన్ అనుమతి అడిగే విండోస్ రక్షణ) తీసేయడం, గుమస్తాకు అడ్మిన్ హక్కులివ్వడం నాకిష్టం లేదు.

ఆ నంబరును ఈ ప్రోగ్రామ్ ఏ ఫైల్లో లేదా ఏ రిజిస్ట్రీ కీలో రాయబోయి ఆగిపోతోందో ఎలా కనిపెట్టాలి?