కీహోల్ నడుం ఆపరేషన్ అయిన ఏడు వారాలకి పీటల మీద కూర్చోవచ్చా?

తెనాలి_మావయ్య: నడుం దగ్గర ఎల్4-ఎల్5 డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) జారింది. కుడికాలు పిక్క దాకా ఒకటే లాగుడు. మూడు నెలలు మందులూ ఫిజియో అయిపోయాయి. మైక్రోడిస్కెక్టమీ అన్నారు, అంటే జారిన డిస్కు ముక్క తీసేయడం, అంగుళం కోత, మర్నాడే ఇంటికట. ఆ తర్వాత ఏడు వారాలకి అమ్మాయి పెళ్లి. పీటల మీద కూర్చుని, వంగి అల్లుడి కాళ్ళు కడగగలనా?

నల్గొండ_లారీ: అన్నా, నాకు రెండేళ్ళ కింద అయింది. మత్తు దిగేసరికి కాలు లాగుడు లేదు, ఏడుపొచ్చింది. సాయంత్రమే నడిపించారు. బొటనవేలి తిమ్మిరి మాత్రం ఆరు నెలలుంది, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బెల్టు కొనుక్కో. నేను ఇప్పటికీ తియ్యను.

ఓరుగల్లు_ఫిజియో: రెండేళ్ళా! పద్నాలుగేళ్ళుగా నా పనే ఇది. రోజంతా బెల్టు మీదే ఆధారపడితే నడుం కండరాలు పని మర్చిపోతాయి.

నల్గొండ_లారీ: ఓసారి నా లారీలో సూర్యాపేట దాకా రా, అప్పుడు చెప్పు.

ఓరుగల్లు_ఫిజియో: బండెక్కితే కట్టు, దిగాక తియ్యి అంటున్నా. చదివి మాట్లాడు.

సత్తుపల్లి_అక్క: బెల్టు సరే, ముందు ఆరోగ్య బీమా పాలసీ కాగితం తీయండి. వెన్ను జబ్బులకు చాలా పాలసీల్లో 24 నెలల వెయిటింగ్ ఉంటుంది, అది దాటేదాకా డబ్బు ఇవ్వరు. మా వారిది 22వ నెల! మొత్తం చేతి డబ్బే.

డల్లాస్_తమ్ముడు: నాకిక్కడ పొద్దున చేసి సాయంత్రం పంపేశారు. అక్కడ రాత్రి ఉంచేది బిల్లు కోసమే.

ఓరుగల్లు_ఫిజియో: రాత్రి ఒంటేలు బిగిస్తే ఎవర్ని లేపుతావు బాబూ? మావయ్యగారూ, ఆపరేషన్‌కి ముందైనా సరే, మూత్రం ఆగినా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా తేదీ కోసం చూడొద్దు. ఆ గంటే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

బెజవాడ_బాధితుడు: నాకు కాలినొప్పి పోయిందన్న సంబరంలో మూడో వారం ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను ఎత్తి డిస్పెన్సర్ మీద బోర్లించాను. మళ్ళీ అదే డిస్కు జారింది, మళ్ళీ కోత. కుట్టు బయటికి చిన్నదే గానీ లోపల మానడానికి దాని టైం దానికి కావాలి. నాలుగైదు వారాలు వంగడం, ఎత్తడం, నడుం తిప్పడం బంద్.

నల్గొండ_లారీ: బెల్టు ఉండుంటే జారేది కాదు.

బెజవాడ_బాధితుడు: బెల్టు కట్టుకునే ఎత్తాను స్వామీ.

తెనాలి_మావయ్య: బెల్టు గొడవ బాగుంది. నా పీటల సంగతో?

సత్తుపల్లి_అక్క: పీట వద్దు అన్నయ్యగారూ. మా ఆడపడుచు పెళ్ళిలో మావయ్యగారు కుర్చీలోనే కూర్చున్నారు. పెళ్ళికొడుకునీ కుర్చీలో కూర్చోబెట్టి, పళ్ళెం స్టూలు మీద పెట్టాం. వంగే పనే లేదు, పంతులుగారూ ఏమనలేదు. ఇంట్లో వెస్టర్న్ కమోడ్ లేకపోతే కమోడ్ కుర్చీ కూడా ఇప్పుడే తెచ్చుకోండి.

ఓరుగల్లు_ఫిజియో: ఇది నయం. ఆరో వారం చెకప్‌లో సర్జన్‌ని ఈ మాటే అడగండి, పళ్ళెంతో సహా.

నల్గొండ_లారీ: బెల్టు పంచె లోపల కట్టుకో అన్నా. ఫోటోల్లో కనపడదు.