ప్రాచీన హెబ్రీయుల ఆరాధనలో పానార్పణం: ద్రాక్షారసాన్ని పూర్తిగా పోసివేయడంలోని అర్థమేమిటి?

స్వర్ణముఖి తీరం (తిరుపతి)

పెద్దలందరికీ నమస్కారం. మా ఇల్లు గోవిందరాజస్వామి గుడికి దగ్గర. అర్చకులు ఉద్ధరిణితో చేతిలో పోసే తీర్థం పుచ్చుకోవడం, స్వామికి ఆరగింపైన పులిహోరను, దద్ధ్యోదనాన్ని కళ్లకద్దుకుని తినడం చిన్ననాటి నుంచీ నాకు అలవాటు. ఈమధ్య పాత నిబంధన చదవడం మొదలుపెట్టాను. అందులోనూ సమాధానబలి మాంసాన్ని అర్పించిన కుటుంబమే తింటుంది, పిండి నైవేద్యంలో మిగిలినది యాజకులకు చెందుతుంది. ఇంతవరకు నాకు పరిచితమైన పద్ధతిలాగే తోచింది. కానీ పానార్పణంగా తెచ్చిన ద్రాక్షారసాన్ని మాత్రం చుక్క మిగల్చకుండా పోసేస్తారు. అర్పించినవాడూ తాగడు, యాజకుడూ తాగడు. దేవుడే తాగుతాడని వారు నమ్మారా? లేక మన కపిలతీర్థంలో పితృదేవతలకు నువ్వులు, నీళ్లు విడిచే తర్పణం వంటిదా? విషయం తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పలమనేరు టీచరు

తీరం గారూ, దీనికి సంఖ్యాకాండం 15వ అధ్యాయం నుంచి మొదలుపెట్టడం మంచిది. గొర్రెపిల్లను అర్పిస్తే పావు హిన్ను, పొట్టేలును అర్పిస్తే హిన్నులో మూడో వంతు, కోడెను అర్పిస్తే అర హిన్ను ద్రాక్షారసం పోయాలన్న లెక్క అక్కడ ఉంది. తెలుగు బైబిలులో ఇవే ముప్పావు, పడి, పడిన్నర అని కనిపిస్తాయి కాబట్టి పడితో బియ్యం కొలిచిన మన జిల్లావాళ్లకు పరిమాణం ఇట్టే తెలుస్తుంది. పావు హిన్ను అంటే ఇప్పటి లెక్కలో ఇంచుమించు ఒక లీటరు. పశువు పెద్దదయ్యేకొద్దీ దానితో తెచ్చే పిండి, నూనె కూడా ద్రాక్షారసంతోపాటు పెరుగుతాయి. మాంసం, పిండి, నూనె, ద్రాక్షారసం అన్నీ కలిస్తే ఆ కాలపు కనాను దేశంలో గౌరవనీయుడైన అతిథికి పెట్టే నిండు భోజనం అవుతుంది. అరణ్యంలోని ఆరాధన గుడారం దగ్గర ప్రతి ఉదయం, ప్రతి సాయంత్రం ఒక్కొక్క గొర్రెపిల్లను పిండి, నూనె, ద్రాక్షారసాలతోనే అర్పించాలని నిర్గమకాండం 29వ అధ్యాయం నియమించింది.

భోజనపు రూపం ఉన్నంత మాత్రాన దేవునికి ఆకలిదప్పులు ఉన్నాయని వారు అనుకున్నట్టు కాదు. ‘నేను ఎద్దుల మాంసం తింటానా, మేకల రక్తం తాగుతానా’ అన్న అర్థంలో 50వ కీర్తనలో దేవుడే నిలదీస్తాడు. ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలో పానార్పణల ద్రాక్షారసాన్ని తాగిన దేవతల ప్రస్తావన వస్తుంది, కానీ అది అన్యదేవతలను ఎత్తిపొడిచే మాట. కాబట్టి మీ మొదటి సందేహానికి ధర్మశాస్త్రం, కీర్తనలు ఇచ్చే సమాధానం కాదనే.

మరి ఎందుకు పోయాలి? నా దృష్టిలో అసలు కీలకం సంఖ్యాకాండం 15వ అధ్యాయం ఉన్న చోటులోనే ఉంది. దానికి ముందున్న 13, 14 అధ్యాయాల్లో కనాను దేశాన్ని చూసి రావడానికి మోషే పంపిన వేగులవారు ఎష్కోలు లోయ నుంచి ఒక ద్రాక్షగెలను కోసి, దండెకు తగిలించి, ఇద్దరు మోసుకువస్తారు. ఆ గెలను కళ్లారా చూసి కూడా జనం ఆ దేశానికి వెళ్లడానికి భయపడి తిరగబడతారు, నలభై ఏళ్లు అరణ్యంలో తిరగవలసిందేనన్న తీర్పు వస్తుంది. ఆ తీర్పు వెంటనే, ‘నేను మీకిచ్చే దేశంలో మీరు ప్రవేశించిన తరువాత’ అంటూ ద్రాక్షారసపు లెక్క మొదలవుతుంది. ద్రాక్షతోట పెట్టినవాడు కాపు కోసం ఏళ్ల తరబడి ఒకే చోట ఉండాలి. గుడారాలు మోసుకుంటూ ఇసుకలో తిరిగేవారికి అది సాధ్యమయ్యే పని కాదు. అటువంటి జనానికి ద్రాక్షారసం ఎంత పోయాలో ముందుగానే చెప్పడమంటే, మీ పిల్లలు తప్పకుండా ఆ దేశంలో స్థిరపడతారని మాట ఇవ్వడమే. అందుకే పానార్పణాన్ని వట్టి ఆచారంగా కాక, స్థిరపడిన నేల ఇచ్చిన ఫలానికి కృతజ్ఞతగా చదవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంకొక్క మాట. పాపపరిహారార్థబలికీ అపరాధపరిహారార్థబలికీ ఆ అధ్యాయంలో పానార్పణం లేదు. కుష్ఠరోగి శుద్ధి సందర్భంలో తప్ప వాటికి అది అవసరం లేదని మిష్నా (యూదుల మౌఖిక ధర్మ సంప్రదాయపు సంకలనం) కూడా చెబుతుంది. అంటే ద్రాక్షారసం పోయడం దోషాన్ని తొలగించుకునే క్రియ కాదు, సంతోషంతో తెచ్చే అర్పణలకు తోడుగా వచ్చేది.

గ్రీమ్స్‌పేట పాఠకుడు (చిత్తూరు)

టీచరు గారి వివరణ బాగుంది, అయితే నేలతో ముడిపెట్టడం ఒక్కటే సరిపోదని నాకనిపిస్తోంది. బైబిలులో పానార్పణం మొదట కనిపించేది మోషే కాలంలో కాదు. ఆదికాండం 35వ అధ్యాయంలో యాకోబు బేతేలులో రాతి స్తంభాన్ని నిలిపి దాని మీద పానార్పణం పోసి, నూనె కూడా పోస్తాడు. అక్కడ బలిపశువు ప్రస్తావన లేదు, యాజకుడూ లేడు. దేవుడు తనతో మాట్లాడిన చోటును గుర్తుగా నిలుపుకోవడమే ఉంది. ఐగుప్తులో, బబులోనులో, గ్రీకుల దగ్గర కూడా దేవతలకు పానీయాలు పోసే ఆచారం ఉండేది. ఇశ్రాయేలీయులు చుట్టుపక్కలవారి వాడుకనే తీసుకుని దానికి కొలత, స్థలం, హద్దు ఏర్పరచుకున్నారని అర్థం చేసుకోవడం సబబు.

హద్దు అన్న మాటను కావాలనే వాడాను. ధూపవేదిక మీద పానార్పణం పోయకూడదని నిర్గమకాండం 30వ అధ్యాయం నిషేధించింది. రక్తపు పానార్పణలను నేను అర్పించను అని 16వ కీర్తన రాసిన భక్తుడు తేల్చి చెప్పాడు. యిర్మీయా కాలానికి యెరూషలేములో ఇళ్ల మిద్దెల మీద అన్యదేవతలకు పానార్పణలు పోస్తున్నారు. ఐగుప్తుకు వెళ్లిన యూదులు ఆకాశరాణి అనే అన్యదేవతకు పోయడం మానిన నాటి నుంచే తమకు కరవు, కత్తి దాపురించాయని ప్రవక్త ముఖం మీదే వాదించారు. ఆ వాదనంతా యిర్మీయా 44వ అధ్యాయంలో ఉంది, తప్పక చదవండి. ఒకే క్రియను ఎవరికి చేస్తున్నామన్నదాని మీద దాని అర్థం పూర్తిగా మారిపోతుందని అంత సూటిగా చూపే ఘట్టం మరొకటి నాకు కనబడలేదు.

తీరం గారు అడిగిన తర్పణం విషయం: బబులోను ప్రాంతంలో చనిపోయినవారికి నీళ్లు పోసే ఆచారం ఉండేది, దానికీ మన తర్పణానికీ పోలిక వెతకవచ్చు. మోషే ధర్మశాస్త్రంలోని పానార్పణం మాత్రం పితృదేవతలకు కాదు. దశమభాగం తెచ్చినవాడు దానిలో దేనినీ చనిపోయినవారి కోసం ఇవ్వలేదని దేవుని ఎదుట చెప్పుకోవాలని ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఉంది.

స్వర్ణముఖి తీరం (తిరుపతి)

ఇద్దరికీ కృతజ్ఞతలు. పోసే సమయంలో మందిరంలో ఏమి జరిగేది, పోసిన ద్రాక్షారసం ఎక్కడికి వెళ్లేది అన్న వివరాలు ఎక్కడైనా ఉన్నాయా?

పలమనేరు టీచరు

ఉన్నాయి, అవి చాలా విలువైనవి కూడా. క్రీస్తుశకం 70లో రోమన్లు నాశనం చేసిన రెండవ మందిరపు పద్ధతులను మిష్నా వివరంగా నమోదు చేసింది. నిత్యబలి చివరిలో ప్రధానయాజకుడు ద్రాక్షారసం పోయడానికి వంగగానే అతని సహాయకుడు జెండా ఊపేవాడు, ఆ సంకేతంతో తాళాలు మోగేవి, మందిరసేవ చేసే లేవీయులు ఆనాటి కీర్తన ఎత్తుకునేవారు. ద్రాక్షారసం లేకుండా బలి దగ్గర పాట పాడరని తల్ముదు (మిష్నా మీద యూదు పండితుల చర్చల గ్రంథం) ఒక సూత్రంగా చెబుతుంది. దేవునినీ మనుషులనూ సంతోషపెట్టేది ద్రాక్షారసమన్న న్యాయాధిపతుల గ్రంథపు మాటను అందుకు ఆధారంగా చూపుతుంది. ఆ పాట సంగతి తెలిశాక యోవేలు ప్రవక్త మాటల బరువు బాగా అర్థమవుతుంది. మిడతలు పంటను తినేసిన కాలంలో నైవేద్యమూ పానార్పణమూ యెహోవా మందిరంలోకి రాకుండా నిలిచిపోయాయని, యాజకులు అంగలారుస్తున్నారని అతడు రాశాడు. ద్రాక్షారసం ఆగితే పాట కూడా ఆగిపోతుంది.

పర్ణశాలల పండుగలో ఏడు రోజులూ ద్రాక్షారసంతోపాటు నీళ్లు కూడా పోసేవారు. సిలోయము కోనేటి నుంచి మూడు లోగులు (లోగు ఒక చిన్న ద్రవకొలత) పట్టే బంగారు కూజాలో నీళ్లు ముంచి, కొమ్ముబూరల ధ్వని మధ్య తెచ్చేవారు. బలిపీఠం మీద రెండు వెండి పాత్రలు ఉండేవి, పడమటిది నీళ్లకు, తూర్పుది ద్రాక్షారసానికి. ఒకదాని అడుగు రంధ్రం వెడల్పుగా, రెండోదాని రంధ్రం సన్నగా చేశారు. ద్రాక్షారసం కొంత నెమ్మదిగా కారుతుంది కాబట్టి దానికి వెడల్పు రంధ్రం పెడితే రెండు పాత్రలూ ఒకేసారి ఖాళీ అవుతాయి. ఇంత చిన్న విషయంలో అంత శ్రద్ధ తీసుకున్నవారికి ఆ క్రియ ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. ఒకసారి ఒక యాజకుడు నీళ్లను తన కాళ్ల మీద పోసుకుంటే జనమంతా చేతుల్లో ఉన్న దబ్బపండ్లతో అతణ్ణి కొట్టారని, అప్పటి నుంచి పోసేవానితో ‘చెయ్యి పైకెత్తు’ అని చెప్పేవారని అదే మిష్నాలో ఉంది.

పోసినది బలిపీఠం కిందనున్న గోతిలోకి దిగేది. డెబ్భై ఏళ్లకొకసారి యువ యాజకులు ఆ గోతిలోకి దిగి, గడ్డకట్టి అంజూరపు ఉండల్లా మారిన ద్రాక్షారసాన్ని ఏరి, దానిని కూడా పరిశుద్ధస్థలంలోనే కాల్చేవారని తల్ముదు చెబుతుంది. యాజకులు సేవలో ఉన్నప్పుడు మద్యం ముట్టకూడదని లేవీయకాండం 10వ అధ్యాయం ఎలాగూ నిషేధించింది. కాబట్టి మనిషి మనసుకు సంతోషాన్నిచ్చే పానీయం ఆ ప్రాంగణంలో ఉన్నది దేవునికి అర్పించడానికి మాత్రమే. మాంసంలోనూ పిండిలోనూ మనిషికి వాటా ఉంది, ద్రాక్షారసంలో లేదు. తీరం గారి ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే: వాటా అడగకుండా మొత్తంగా ఇవ్వగలిగే అర్పణ ఒకటి ఆ భోజనంలో ఉండాలి, అది కూడా మనసుకు అన్నిటికంటే ఇష్టమైనదై ఉండాలి.

పుత్తూరు సంఘసభ్యుడు

క్రైస్తవులు ఈ పద్ధతిని ఎలా అందుకున్నారో కొద్దిగా చేరుస్తాను. పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో, వారి విశ్వాసమనే యాగం మీద తాను పానార్పణంగా పోయబడినా ఆనందిస్తానంటాడు. టీచరు గారు చెప్పినట్టు పానార్పణం బలికి తోడుగా పోసేదే గాని బలి స్థానంలో వచ్చేది కాదని తెలిస్తేనే ఈ వాక్యం అర్థమవుతుంది. చెరసాలలో మరణం ఎదురుగా ఉన్న అపొస్తలుడు తన ప్రాణాన్ని ప్రధాన బలిగా లెక్కించుకోలేదు. ఫిలిప్పీలోని సామాన్య విశ్వాసుల సేవే ముఖ్య అర్పణ, తన రక్తం దాని మీద చివరగా పోసే ద్రాక్షారసం. మా సంఘాల్లో ఈ వచనాన్ని పౌలు గొప్పతనానికి సాక్ష్యంగా చదవడమే ఎక్కువ, ఫిలిప్పీయులకు అతడిచ్చిన స్థానాన్ని గమనించడం తక్కువ. తిమోతికి రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయంలో మళ్లీ ఇదే పోలిక వస్తుంది, కానీ అక్కడ ‘పోయబడినా’ అన్న సందేహం లేదు, పోయడం అప్పటికే మొదలైందని రాశాడు.