రోజూ జేబులో పెట్టుకునే మడత చాకు: వెయ్యి రూపాయల్లో ఏది కొనాలి?

రణస్థలం కుర్రాడు
అందరికీ నమస్కారం. పైడిభీమవరం వైపు ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అట్టపెట్టెలు, ప్లాస్టిక్ పట్టీలు, నైలాన్ తాళ్ళు కొయ్యడమే. ఇప్పుడు పేపర్ కట్టర్ వాడుతున్నాను గానీ బ్లేడు విరిగి ముక్కలు ఎగురుతున్నాయి, కంటికి తగులుతాయని భయం. పైగా దాంతో టిఫిన్ టైంలో ఒక జామకాయ కూడా కోసుకోలేం. అందుకే జేబులో పట్టే మడత చాకు ఒకటి కొందామనుకుంటున్నాను. వెయ్యి లోపు అయితే బాగుణ్ణు, మరీ మంచిదైతే ఇంకో రెండు మూడు వందలు పెడతాను. ఆన్‌లైన్‌లో చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నిటికీ ఐదు స్టార్లే. వాడినవాళ్ళు చెప్పండి. పోలీసులు పట్టుకుంటారేమో అన్న టెన్షన్ కూడా ఉంది.

ఉద్దానం జీడితోట
తమ్ముడూ, మాది పలాస దాటాక. జీడితోట, మధ్య మధ్య పనస, కొబ్బరి. చాకు లేకుండా తోటలో అడుగు పెట్టను. నన్నడిగితే కంపెనీ పేరు తర్వాత, ముందు బ్లేడు పొడవు, మందం చూడు. రెండున్నర నుంచి మూడు అంగుళాలు చాలు, అంతకంటే పెద్దదైతే బస్సులో కూర్చున్నప్పుడల్లా తొడకి గుచ్చుకుంటుంది. ఇక మందం. గట్టిగా కనబడాలని కొన్నిటికి నాలుగు మిల్లీమీటర్ల రేకు పెడతారు, దాంతో జామకాయ కోస్తే తెగదు, పగులుతుంది. రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉండి అంచుకి వచ్చేసరికి పల్చబడే బ్లేడే కోతకి పనికొస్తుంది.

పండ్ల పని ఉంటే ఇంకో మాట. స్టెయిన్‌లెస్ కాని చాకుతో జీడిమామిడి పండు కోస్తే బ్లేడు నల్లబడిపోతుంది, ఆ పండులో ఉన్న వగరు ఇనుముతో కలిసి చేసే పని అది, తుడిస్తే పోదు. పనసకాయైతే కొయ్యకముందే బ్లేడుకి రెండు వైపులా నూనె రాయాలి. ఆ పాలు కీలులోకి దిగి ఎండిపోయాయంటే చాకు తెరుచుకోవడానికి మొరాయిస్తుంది. నీళ్ళు ఎన్ని పోసినా లాభం లేదు, నూనె గుడ్డతో రుద్దితేనే వదులుతుంది. కొబ్బరి బొండాం కొట్టడానికి, కొమ్మలు నరకడానికి మాత్రం మడత చాకు తియ్యకు, దానికి కత్తి ఉంది. నాలుగు దెబ్బలకి కీలు వదులైపోయి బ్లేడు అటూ ఇటూ ఊగుతుంది.

మూడు లాంతర్ల హార్డ్‌వేర్
విజయనగరంలో షాపులో కూర్చుంటాను కాబట్టి రోజూ ఇవే ప్రశ్నలు. బాక్సు మీద ఉత్త "స్టెయిన్‌లెస్ స్టీల్" అని మాత్రమే ఉండి, ఉక్కు రకం పేరు లేకపోతే మెత్తటి ఉక్కే అనుకోండి. చైనా ఉక్కుల పేర్లలో గుట్టు వాటి అంకెల్లోనే ఉంది. 8సీఆర్13ఎంఓవీ అంటే కార్బన్ సుమారు 0.8 శాతం, క్రోమియం సుమారు 13 శాతం. 3సీఆర్13 అంటే కార్బన్ 0.3 శాతం దగ్గర. కార్బన్ తక్కువైతే తుప్పు తక్కువే, పదును వేసుకోవడమూ తేలికే, కానీ అట్టపెట్టెలు కోస్తే మధ్యాహ్నానికే మొండి పడుతుంది. అట్ట చూడ్డానికి మెత్తగానే ఉంటుంది గానీ పదునుని తినేస్తుంది. మీ బడ్జెట్‌లో 8సీఆర్13ఎంఓవీ దొరికితే మారు మాట్లాడకుండా తీసుకోండి.

కొన్నిటి మీద డీ2 అని ఇంకో ఉక్కు పేరు కూడా రాస్తారు. పదును బాగా నిలబడుతుంది, నిజమే. కాకపోతే అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, మన సముద్రపు గాలికి మచ్చలు పడుతుంది. ఇంకొకటి, ఐదారొందలకి బ్లేడు మీద అలలు అలలుగా గీతలుండే డమాస్కస్ (ఉక్కు పొరలు కలిపి చేసే రకం) చాకు అమ్ముతున్నారంటే అది దాదాపు ఎప్పుడూ పైన ముద్రించిన డిజైనే. గరుకు కాగితంతో రుద్దితే పోతుంది.

కళింగపట్నం గాలి
పైన హార్డ్‌వేర్ అన్న చెప్పిన మచ్చల సంగతి మాకు బాగా తెలుసు. మా ఊళ్ళో స్టెయిన్‌లెస్ కూడా తుప్పు పడుతుంది, ఆలస్యంగా పడుతుందంతే. ముందు బ్లేడు మీద కాదు, లోపల స్ప్రింగు దగ్గర, స్క్రూల తలల మీద ఎర్రగా మొదలవుతుంది. చేపల దగ్గర వాడితే మంచినీళ్ళతో కడిగి, తెరిచి ఆరబెట్టి, కీలులో ఒక్క చుక్క కుట్టు మిషన్ నూనె వేస్తాను. వంటనూనె వెయ్యకండి, కొన్నాళ్ళకి అదే జిగురై దుమ్ముని పట్టుకుంటుంది. చెమటలో కూడా ఉప్పే కదా, రోజంతా ప్యాంటు జేబులో ఉండే చాకుకి గోడౌన్‌లోనూ ఇదే సంగతి.

పాలకొండ రోడ్డు టీచర్
నా దగ్గర విక్టోరినాక్స్ చిన్నది ఉంది, క్లాసిక్ ఎస్‌డీ, మూస్తే 58 మిల్లీమీటర్లు, తాళాల గుత్తికి వేలాడుతుంది. స్విట్జర్లాండ్ కంపెనీ, 1884 నుంచీ ఉంది. చిన్న బ్లేడు, చిన్న కత్తెర, గోళ్ళ ఆకురాయి. కత్తెరే ఎక్కువ వాడతాను. తమ్ముడి గోడౌన్ పనికి ఇది ఆనదు, ముందే చెబుతున్నాను. కానీ ఈ చర్చ చదివే ఆడవాళ్ళకి, ఆఫీసుల్లో పని చేసేవాళ్ళకి, నలుగురిలో తీసినా ఎవరూ ఉలిక్కిపడని చాకు కావాలంటే ఇదే. ధర మాత్రం మీరనుకున్న దానికంటే ఎక్కువే ఉండొచ్చు, నకిలీలు కూడా తిరుగుతున్నాయి, బిల్లు ఇచ్చేవాళ్ళ దగ్గరే కొనండి.

నెల్లిమర్ల మిల్లు వీధి
అందరూ ఉక్కు గురించే మాట్లాడుతున్నారు, తెరిచిన బ్లేడు మడుచుకుపోకుండా పట్టే లాక్ గురించి ఎవరూ ఎత్తలేదు. తాళ్ళూ పట్టీలూ కోసేవాడికి అదే ముఖ్యం. నాతో పని చేసే ఆయన లాక్ లేని చాకు మొనతో గోనెసంచి కుట్టు విప్పబోతే అది మడుచుకుపోయి చూపుడు వేలు లోతుగా తెగింది, కుట్లు పడ్డాయి. లాక్ లేని చాకుల్లో బ్లేడుని పట్టి ఉంచేది స్ప్రింగు ఒక్కటే. లాగి కోసినంతసేపూ ఏమీ కాదు, మొనతో పొడిచినా, వీపు మీద బలం పడినా మడుచుకుంటుంది.

షాపులోనే పరీక్ష చేసుకోండి. చాకు తెరిచి, బ్లేడు మడుచుకునే దారిలో వేళ్ళు లేకుండా పిడి పట్టుకుని, బ్లేడు వీపుని బల్ల అంచుకి ఆనించి మెల్లగా నొక్కండి. లాక్ జారిందా, ఎంత తక్కువకిచ్చినా వద్దు. తర్వాత బ్లేడుని పక్కలకి కదిపి చూడండి, కొత్త చాకులోనే టక్కుటక్కుమంటే రేపు ఇంకా వదులవుతుంది. మడిచినప్పుడు మొన పూర్తిగా పిడి లోపలికి వెళ్తోందో లేదో వేలితో తడిమి చూడండి, చవక రకాల్లో మొన కొంచెం బయటికి ఉండి జేబులో చెయ్యి పెడితే గీరుతుంది.

గంటస్తంభం సెంటర్
పోలీసుల సంగతి అడిగారు కదా. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల్లో, 9 అంగుళాల కంటే పొడవు గానీ 2 అంగుళాల కంటే వెడల్పు గానీ ఉన్న బ్లేళ్ళనే ఆయుధాల జాబితాలో పెట్టారు, అందులోనూ ఇంటికి, వ్యవసాయానికి, పరిశ్రమ పనికి చేసినవాటిని మినహాయించారు. మూడు అంగుళాల చాకు ఆ లెక్కలోకే రాదు. అలాగని ఎక్కడికి పడితే అక్కడికి పట్టుకెళ్ళమని కాదు. ఎన్నికలప్పుడో, గొడవలప్పుడో ఆంక్షలు పెడతారు, పాత 144 సెక్షన్, ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టంలో 163. అప్పుడు ఇంట్లో పెట్టెయ్యండి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో, అంత జనంలో దీంతో పనేముంది? విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలో ఉంటే తీసేసుకుంటారు, చెక్-ఇన్ లగేజీలో వెయ్యాలి. బటన్ నొక్కగానే ఎగిరి తెరుచుకునే రకం, పుర్రె బొమ్మల రకం అసలు కొనకండి. పని చాకు పని చాకులాగే కనబడాలి, అడిగితే గోడౌన్ ఐడీ కార్డు చూపించి పని ఏమిటో చెప్పగలగాలి.

రణస్థలం కుర్రాడు
చాలా థాంక్స్ అందరికీ. నెల్లిమర్ల అన్న చెప్పిన పరీక్ష ఆదివారం శ్రీకాకుళం వెళ్ళి చేసి చూస్తాను. ఇంకో రెండు అడుగుతాను. పదును ఎలా వెయ్యాలి, సంతలో సాన పట్టే ఆయనకి ఇవ్వొచ్చా? నాది ఎడమచేతి వాటం, దానివల్ల ఏమైనా తేడా ఉంటుందా?

ఉద్దానం జీడితోట
సాన చక్రానికి ఇవ్వకు తమ్ముడూ. కొడవలికీ కత్తిపీటకీ సరే. చిన్న చాకుని నీళ్ళు లేకుండా చక్రం మీద పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, పల్చటి అంచు వేడెక్కిపోతుంది, నీలం రంగు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, ఇక పదును నిలవదు. రెండు ముఖాల సానరాయి ఒకటి కొనుక్కో, ఒకవైపు గరుకు, ఒకవైపు నున్న. నీళ్ళు చల్లి, చాకుని రాయి మీద నిలువుగా పెట్టు, అది 90 డిగ్రీలు. సగం వంచితే 45, ఇంకో సగం వంచితే ఇరవై చిల్లర, నీకు కావాల్సిన కోణం దాదాపు అదే. ఆ వంపు మారకుండా రెండు వైపులా సమానంగా లాగు. ఒకవైపు నూరుతుంటే రెండోవైపు అంచున సన్నటి ముడత లేస్తుంది, బొటనవేలుని అంచుకి అడ్డంగా, బయటి వైపుకి మెల్లగా లాగితే గరగరమని తెలుస్తుంది. అది మొదలు నుంచి మొన దాకా వచ్చాకే వైపు మార్చాలి, చాలామంది అది రాకుండానే మారుస్తారు, అందుకే ఎంత నూరినా తెగదు. రాయి లేనిరోజు పింగాణీ కప్పు అడుగున మెరుపు లేని గరుకు అంచు ఉంటుంది చూడు, దాని మీద నాలుగుసార్లు లాగినా పని జరుగుతుంది.

మూడు లాంతర్ల హార్డ్‌వేర్
ఎడమచేతి వాటం అని ముందే చెప్పాల్సింది తమ్ముడూ, తేడా ఉంటుంది. ఎక్కువగా దొరికే లైనర్ లాక్‌లో లోపలి రేకుని పక్కకి నొక్కితేనే బ్లేడు మడుచుకుంటుంది, ఆ రేకు కుడి బొటనవేలికి అందేలా ఉంటుంది. జేబు క్లిప్పు కూడా చాలావాటికి కుడివైపే. నువ్వు బ్యాక్ లాక్ చూడు, పిడి వీపు మీద నొక్కేది, ఏ చేతికైనా ఒకటే. బొటనవేలితో తెరిచే బొడిపె బ్లేడుకి రెండు వైపులా ఉందో లేదో కూడా చూసుకో.

ఒపినెల్ అని ఫ్రాన్సు చాకు ఉంది, చెక్క పిడి, మెడ దగ్గర తిప్పే ఇనుప రింగే లాక్. అదీ రెండు చేతులకీ బాగుంటుంది, బ్లేడు పల్చన, పండ్లు కొయ్యడానికి దాని ముందు ఏదీ నిలవదు. కానీ నీ బడ్జెట్ దాటుతుంది, వానాకాలం చెక్క ఉబ్బి తెరుచుకోదు, పిడి వెనక భాగాన్ని బల్లకేసి కొడితేనే బ్లేడు కాస్త బయటికి వస్తుంది. గోడౌన్‌కి ప్లాస్టిక్ పిడి బ్యాక్ లాకే తీసుకో.