ఫైర్‌డ్యాంప్‌ను గని కార్మికులు ఏమంటారు?

బెంగళూరులో ఉంటూ బొగ్గు గనుల భద్రత పాఠం ఒకటి తెలుగులోకి మారుస్తున్నాను. గోడకు డ్యాంప్ అంటే చెమ్మ, సరే. షాక్ అబ్సార్బర్‌లో డ్యాంపింగ్ అంటే ఊగడం తగ్గించడం, అదీ సర్దుకుంది. ఫైర్‌డ్యాంప్ దగ్గర ఆగిపోయాను. నేను చూసిన నిఘంటువులు తేమ దాటి వెళ్లలేదు. ఫైర్‌డ్యాంప్ ఏమో గనిలో చేరే వాయువు, ప్రధానంగా మీథేన్, గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం ఉంటే నిప్పు తగిలి పేలుతుంది.

'మీథేన్' అనే రాసి చూశాను. వెంటనే బ్లాక్‌డ్యాంప్ (ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ నిండిన గాలి), పేలుడు తర్వాత మిగిలే ఆఫ్టర్‌డ్యాంప్ వచ్చాయి, మూడింటినీ కలిపే 'డ్యాంప్' వరస తెగిపోయింది. 'విషవాయువు' అందామంటే మీథేన్ విషమే కాదు! కొత్త మాట పుట్టించడం నాకిష్టం లేదు. సింగరేణిలో పనిచేసినవాళ్లు మాటల్లో ఫైర్‌డ్యాంప్‌ను ఏమంటారు?